పోత, పూత, తాపడం, పొదుగు: పాత లోహవస్తువులను గుర్తించే విధానం

దేవాలయానికి భక్తులు సమర్పించే వస్తువులలో లోహపాత్రలది ప్రత్యేకమైన స్థానం. పూలు సాయంత్రానికి వాడిపోతాయి, వస్త్రాలు కొన్నేళ్ళకు జీర్ణిస్తాయి. పళ్ళెం, పంచపాత్ర, దీపపు కుంది, గంట, ధూపపాత్ర, పన్నీరు బుడ్డి మాత్రం మూడు నాలుగు తరాలు సేవ చేస్తాయి. ఒక ఇంట ముత్తవ్వ కాపురానికి తెచ్చుకున్న వస్తువు, ఆ ఇంటి మనుమల చేతుల మీదుగా స్వామి సన్నిధికి చేరడం మన కృష్ణా తీరంలో నేటికీ జరుగుతూనే ఉన్నది.

గుణదలలో నివసిస్తున్న నేను కొంతకాలంగా దేవాలయ భాండాగారంలో పాత లోహవస్తువుల పట్టిక వ్రాసే సేవలో ఉన్నాను. వస్తువు తెచ్చిన దాతలు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండు. "ఇది వెండేనా అండీ?" అన్నది మొదటిది. "ఎన్నేళ్ళనాటిది?" అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం. మొదటి ప్రశ్నకు మాత్రం వస్తువును గీయకుండా, కాల్చకుండా, ఆమ్లం తగిలించకుండా చాలవరకు సమాధానం చెప్పవచ్చును. ఆ విధానాన్ని భక్తులు కూడా తెలుసుకుంటే మేలు కలుగుతుందన్న భావంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

లోహం పేరు సరిగా తెలియకపోతే కలిగే నష్టాలు మూడు. వస్తువును తోమకూడని రీతిలో తోమి పాడుచేస్తాము. విలువైన పనితనం గల వస్తువును పాత సామానుగా భావించి కరిగించడానికి పంపుతాము. మూడవది వీటికంటె బాధాకరమైనది. తెల్లగా ఉన్న పళ్ళేన్ని పుస్తకంలో "వెండి" అని వ్రాసుకున్నామనుకుందాము. ఇరవై ఏళ్ళ తరువాత తనిఖీలో అది వెండి కాదని తేలితే, అసలు పళ్ళేన్ని ఎవరో మార్చివేశారన్న అనుమానం పుడుతుంది. ఆ నింద అర్చకుని మీదనో, భాండాగారపు ఉద్యోగి మీదనో పడుతుంది. ఏ పాపమూ ఎరుగని మనిషి తలవంచుకోవలసి వస్తుంది. ఆ నిందకు మూలం ఆనాడు పుస్తకంలో చేరిన ఒక్క మాట.

నాలుగు మాటల అర్థం

లోహపు పనిని అర్థం చేసుకోవడానికి మన భాషలోనే చక్కని మాటలు నాలుగు ఉన్నాయి. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసినది పోత. ఒక లోహం మీద మరొక లోహాన్ని పలుచని పొరగా అంటించినది పూత. రేకును వేరుగా తయారుచేసి, పైన తొడిగి, మేకులతోనో అంచు మడతతోనో బిగించినది తాపడం. మూలలోహంలో గాడి చెక్కి, ఆ గాడిలో వేరొక లోహపు తీగనో రేకునో కూర్చి సుత్తితో దిగగొట్టినది పొదుగు.

ఈ నాలుగింటినీ భక్తులు ఆలయాలలో నిత్యమూ చూస్తూనే ఉన్నారు. ఉత్సవమూర్తి పోత. గోపుర కలశంపై బంగారు రంగు చాలచోట్ల పూత. గర్భాలయ ద్వారానికి కొట్టిన వెండిరేకు తాపడం. నల్లని పన్నీరు బుడ్డిమీద మెరిసే వెండి లత పొదుగు. ఒక వస్తువు చేతికి వచ్చినప్పుడు, అడుగున ఉన్న లోహమేది, పైన ఉన్న లోహమేది, ఆ రెండూ ఎలా కలిశాయి అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే సగం పని పూర్తయినట్లే.

మూలలోహాన్ని చూడవలసిన చోటు

వస్తువు ముఖభాగం మనకు నిజం చెప్పదు. అక్కడ మెరుగు ఉంటుంది, పూత ఉంటుంది, నగిషీ ఉంటుంది. అరిగిన చోట నిజం తెలుస్తుంది. పాత్ర అడుగు అంచు, పిడి లోపలివైపు, మూత నోటికి తగిలే చోటు, చేయి నిత్యమూ తగిలే వంపు, ఈ నాలుగు చోట్లా ముందుగా చూడవలెను. పగటి వెలుతురులో, చిన్న భూతద్దంతో చూడడం ఉత్తమం.

అరిగిన చోట ఎర్రగా ఉంటే మూలలోహం రాగి. పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, అనగా రాగి, తుత్తునాగం కలిసిన మిశ్రమం. పసుపులో కొంచెం గోధుమ లేక బూడిద ఛాయ ఉండి, వేలిగోటితో మీటితే నాదం చాలసేపు నిలిస్తే అది కంచు, అనగా రాగి, తగరం కలిసినది. గంటలకు వాడే మంచి కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. తగరం ఎక్కువగా ఉన్న కంచు గట్టిది, కాని పెళుసు. అది సొట్టపడదు, పగులుతుంది. ఇత్తడి చెంబు క్రిందపడితే సొట్టపడుతుంది. అందువల్ల పాత చెంబుకు సొట్టలు ఉన్నాయా, బీటలు ఉన్నాయా అన్నది కూడా ఒక గుర్తే.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసే ఇత్తడి, కంచు పాత్రలకు భౌగోళిక గుర్తింపు లభించింది. తెలంగాణలో జనగామ సమీపాన ఉన్న పెంబర్తి లోహశిల్పులు ఇత్తడి రేకును వెనుకనుండి కొట్టి బొమ్మలను ఉబ్బిస్తారు. రేకుపనిని గుర్తించడం సులభం. వెనుకవైపు తిప్పి చూస్తే, ముందు ఉబ్బిన చోటల్లా వెనుక గుంట ఉంటుంది. పోతపోసిన వస్తువుకు ఈ లక్షణం ఉండదు. తిరుమల ఆలయ ప్రవేశంలోనే దర్శనమిచ్చే శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహవిగ్రహాలు ఇటువంటి రేకుపనికి గొప్ప ఉదాహరణ.

పంచలోహం అన్న మాట విషయంలో కొంత జాగ్రత్త అవసరం. రాగి, ఇత్తడి, సీసం, వెండి, బంగారం అని కొన్నిచోట్ల చెబుతారు. మరికొన్నిచోట్ల తగరమో ఇనుమో ఆ జాబితాలో చేరుతుంది. ఏ పద్ధతిలోనైనా అధికభాగం రాగియే. బంగారం, వెండి శాస్త్రం కొరకు స్వల్పంగా వేస్తారు. పంచలోహ విగ్రహంలో బంగారం విస్తారంగా ఉంటుందన్న అపోహ వల్లనే విగ్రహాల దొంగతనాలు జరుగుతున్నాయి. ఈ సంగతి అందరికీ తెలియడం విగ్రహాలకు కూడా రక్షణయే.

తెల్లనివన్నీ వెండి కాదు

మా భాండాగారంలో ఎక్కువ సందేహాలు తెల్లని వస్తువుల వద్దనే వస్తాయి. వెండిలా కనబడేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది కళాయి వేసిన రాగి లేక ఇత్తడి. వేడిచేసిన పాత్రలో నవాసారం చల్లి, తగరాన్ని కరిగించి దూదితో రుద్దితే తెల్లని పూత ఏర్పడుతుంది. పులుపు వస్తువులు వండినప్పుడు రాగి చిలుము దిగకుండా మన పెద్దలు చేసుకున్న ఏర్పాటిది. పాత కళాయి పైన సన్నని తుడుపు గీతలు కనిపిస్తాయి, అంచుల్లో రాగి ఎరుపు తొంగిచూస్తుంది.

రెండవది జర్మన్ సిల్వర్. పేరులో వెండి ఉన్నదే తప్ప లోహంలో లేదు. ఇది రాగి, నికెల్, తుత్తునాగం కలిసిన మిశ్రమం. ఇది లోపలా బయటా ఒకే రంగులో ఉంటుంది గనుక అరిగిన చోట చూసినా మోసపోతాము. వెండి పాతబడితే నల్లబడుతుంది. జర్మన్ సిల్వర్ పాతబడితే పసుపుఛాయ దిగి, మూలల్లో ఆకుపచ్చని చిలుము పడుతుంది.

మూడవది వెండిపూత వస్తువు. విద్యుత్తుతో వెండిపూత వేసే పద్ధతికి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ సంస్థవారు 1840లో పేటెంటు పొందారు. ఆ తరువాత అటువంటి పళ్ళేలు, కూజాలు మనదేశానికి విరివిగా వచ్చాయి. అడుగున ఇ.పి.ఎన్.ఎస్. అన్న నాలుగు ఆంగ్లాక్షరాలు ముద్రించి ఉంటే, అది జర్మన్ సిల్వర్ మీద వెండిపూత అని అర్థం. ఆ అక్షరాలను వెండి నాణ్యతా ముద్రగా భావించిన కుటుంబాలను నేను చూశాను.

అయస్కాంతం పెట్టి చూస్తే తెలియదా అని కొందరు అడుగుతారు. అయస్కాంతం ఇనుమును, ఉక్కును మాత్రమే పట్టిస్తుంది. వెండికీ అంటదు, ఇత్తడికీ అంటదు, జర్మన్ సిల్వర్‌కూ అంటదు. గీటురాయి, ఆమ్లపరీక్ష కంసాలివారికి తెలిసిన విద్యలే గాని, అవి వస్తువుపై గుర్తును మిగులుస్తాయి. పూత ఉన్న వస్తువుపై గీటితే పూత లోహమే గీటులో పడి తప్పుడు సమాధానం రావచ్చును.

నీటి పరీక్ష

వస్తువుకు ఏ హానీ కలుగని పరీక్ష ఒకటి ఉన్నది. దానికి కావలసినవి ఒక తూకపు యంత్రం, ఒక గిన్నెడు నీరు, ఒక దారం మాత్రమే.

ముందుగా వస్తువును పొడిగా తూచవలెను. తరువాత తూకపు యంత్రంపై నీళ్ళగిన్నె పెట్టి, అంకెను సున్నాకు తేవలెను. వస్తువును దారంతో వేలాడదీసి, పూర్తిగా మునిగేటట్లు, గిన్నె అడుగుకుగాని ప్రక్కలకుగాని తగలకుండా నీటిలోకి దించవలెను. గాలిబుడగలు లేకుండా చూసుకోవలెను. అప్పుడు యంత్రంపై కనిపించే గ్రాముల సంఖ్య ఆ వస్తువు త్రోసిన నీటి బరువు. పొడి తూకాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది.

ఉదాహరణకు ఒక హారతి పళ్ళెం పొడి తూకం 840 గ్రాములు, నీటిలో దించినప్పుడు వచ్చిన అంకె 98 అనుకుందాము. భాగిస్తే సుమారు 8.6 వస్తుంది. స్వచ్ఛమైన వెండికి 10.5 రావలెను, కొద్దిగా రాగి కలిపిన వెండికి 10.3 ప్రాంతంలో రావలెను. అదే 840 గ్రాముల పళ్ళెం వెండిదైతే నీటిలో అంకె 82కి మించదు. కనుక ఇది వెండి కాదు.

గుర్తుంచుకోదగిన సంఖ్యలు ఇవి: బంగారం 19.3, సీసం 11.3, వెండి 10.5, రాగి దాదాపు 9. కంచు, ఇత్తడి, జర్మన్ సిల్వర్ మూడూ 8.4కు 8.9కు మధ్య వస్తాయి. ఉక్కు 7.8, తుత్తునాగం 7.1, అల్యూమినియం 2.7. ఇత్తడికీ జర్మన్ సిల్వర్‌కూ సంఖ్య ఒకటే అయినా రంగు వేరు. వెండికీ జర్మన్ సిల్వర్‌కూ రంగు ఒకటే అయినా సంఖ్య వేరు. రంగు, సంఖ్య రెండూ కలిపి చూస్తే పొరపాటు అరుదు.

ఈ పరీక్ష అన్నింటికీ పనికిరాదు. లోపల లక్క నింపినవి, కొయ్యపై తాపడం చేసిన కవచాలు, రాళ్ళు పొదిగినవి, పొదుగుపని చేసినవి నీటిలో ముంచరాదు. లోపల బోలుగా ఉండి మూసివేసిన వస్తువుకు సంఖ్య తప్పుగా వస్తుంది.

ఒకసారి ఒక వృద్ధురాలు తెచ్చిన పళ్ళేనికి ఈ పరీక్ష చేసి, ఇది జర్మన్ సిల్వర్ అమ్మా అని చెప్పవలసి వచ్చింది. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే స్వామి పుచ్చుకోడా నాయనా?" అని అడిగారు. "పుచ్చుకుంటాడమ్మా, పుస్తకంలో మాత్రం ఉన్న పేరే వ్రాస్తాను" అన్నాను. ఆ పళ్ళెం ఈనాటికీ సేవలో ఉన్నది. దాని పేరు సరిగా ఉన్నది గనుక, దానివల్ల రేపు ఎవరికీ మాట రాదు.

బీదరు పని: నలుపే దాని ప్రాణం

పొదుగుపనులలో మన తెలుగువారి ఇళ్ళకు దగ్గరది బీదరు పని. దీనిని బిద్రీ అని కూడా అంటారు. బీదరు నగరం 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానుల రాజధాని అయింది. ఆ పేరుతో ప్రసిద్ధమైన ఈ కళ దక్కను అంతటా వ్యాపించి, హైదరాబాదులో నిజాముల ఆదరణ పొందింది. కృష్ణా తీరప్రాంతం 18వ శతాబ్దం నడుమ వరకు నిజాం ఏలుబడిలోనే ఉండేది. గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ముఖ్యమైన ఓడరేవు. అందువల్ల డెల్టాలోని పాత కుటుంబాలలో బీదరు తాంబూలపు పెట్టెలు, పళ్ళేలు, పన్నీరు బుడ్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ పనికి సంబంధించిన గొప్ప సేకరణ ఉన్నది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో కూడా బీదరు వస్తువులను ప్రదర్శించారు.

చాలమంది వీటిని ఇనుమనుకుంటారు. నిజానికి మూలలోహంలో అత్యధికభాగం తుత్తునాగం. పదహారు పాళ్ళ తుత్తునాగానికి ఒక పాలు రాగి అన్నది పనివారి వాడుక లెక్క. దీనిని మట్టి అచ్చులో పోతపోసి, ఆకురాయితో నునుపు చేస్తారు. తరువాత మైలుతుత్తం నీటితో రుద్ది, తాత్కాలికంగా నల్లగా చేస్తారు. ఆ నలుపుమీద సన్నని ఉలితో గీసిన గీతలు తెల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గీతలవెంట గాడి చెక్కి, వెండి తీగనో రేకునో దిగగొట్టి, మళ్ళీ నునుపు చేస్తారు. ఈ దశలో మూలలోహం, వెండి రెండూ తెల్లగానే ఉంటాయి. ఏది ఏదో కంటికి తెలియదు.

అసలు అద్భుతం చివర జరుగుతుంది. బీదరు కోటలో ఎండావానా తగలని పాత చోట్లనుండి తెచ్చిన మట్టిని నవాసారంతో నీటిలో కలిపి, వెచ్చచేసిన వస్తువుకు పట్టిస్తారు. తుత్తునాగపు మిశ్రమం గాఢమైన నలుపుకు తిరుగుతుంది. వెండికి ఆ నలుపు పట్టదు. స్వచ్ఛమైన తుత్తునాగం ఇంత నల్లగా మారదు. అందులో కలిసిన ఆ కొద్దిపాటి రాగి వల్లనే ఈ నలుపు సాధ్యమవుతుంది. చివరకు నూనెతో రుద్దితే నలుపు మరింత గాఢమవుతుంది.

పొదుగులో రకాలు ఉన్నాయి. సన్నని తీగను మాత్రమే కూర్చినది తార్‌కషి. పూరేకులు, ఆకుల ఆకారంలో కత్తిరించిన రేకును లోతుగా పొదిగి, మూలలోహంతో సమంగా చదును చేసినది తహ్‌నిషాన్. రేకు అడుగున ఎత్తు కల్పించి, నగిషీ పైకి ఉబ్బి వేలికి తగిలేటట్లు చేసినది జర్‌బులంద్. వెండిరేకునే విశాలంగా పరచి, అందులో పూలను కత్తిరించి తీసివేసి, ఆ ఖాళీలలోనుండి నలుపు కనబడేటట్లు చేసినది అఫ్తాబీ. మొదటి మూడింటిలో నలుపు నేల, వెండి పువ్వు. అఫ్తాబీలో వెండి నేల, నలుపు పువ్వు. ఒకే వస్తువుపై రెండు మూడు రకాలు కలిసి ఉండడమూ కద్దు.

బీదరు వస్తువును గుర్తించడానికి నేను చూసే గుర్తులు ఇవి. అయస్కాంతం అంటదు, కనుక ఇనుము కాదు. చేతికి బరువుగా ఉంటుంది, కనుక అల్యూమినియం అనుకరణ కాదు. మీటితే మొద్దుబారిన శబ్దమే వస్తుంది, కనుక కంచు కాదు. సొట్టలు ఉండవు, పడితే అంచు విరుగుతుంది. విరిగిన చోట బూడిదఛాయ గల తెలుపు కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే తీగ ఆగిన చోట, మలుపు తిరిగిన చోట గాడి అంచు తెలుస్తుంది. రంగుతో వేసిన గీతకు, యంత్రంతో ముద్రించిన గీతకు ఆ అంచు ఉండదు.

ఇక్కడొక చిక్కు ఉన్నది. ఏళ్ళ తరబడి గాలిలోని గంధకపు అంశ తగిలి వెండికూడా నల్లబడుతుంది. అప్పుడు వస్తువంతా ఒకటే నలుపుగా కనిపించి, నగిషీ కనుమరుగవుతుంది. మసిబారిన పాత సామానని భావించి ఇంటివారు తోమడానికి పూనుకుంటారు.

డెల్టా గ్రామం నుండి ఒక కుటుంబం వారు తమ పన్నీరు బుడ్డిని సమర్పించదలచి, భక్తితో ముందుగా దుకాణంలో మెరుగు పెట్టించి తెచ్చారు. యంత్రపు చక్రం క్రింద నలుపు మొత్తం పోయి, బుడ్డి అంతా ఒకే తెలుపుతో ఉన్నది. స్టీలు బుడ్డి అని తామే అనుమానిస్తున్నారు. భూతద్దం పెట్టి ఏటవాలు వెలుతురులో చూస్తే, మెడ చుట్టూ పూలతీగ కనిపించింది. కొన్నిచోట్ల వెండి సగానికి పైగా అరిగిపోయింది. విషయం చెప్పగానే ఇంటి పెద్దాయన, "మా నాయనమ్మ దీన్ని ఎన్నడూ తోమనిచ్చేది కాదండీ. చాదస్తమనుకునేవాళ్ళం" అన్నారు. బీదరు పనివారు మట్టిపూత మళ్ళీ పట్టించి నలుపును తిరిగి తేగలరు. చక్రానికి అంటుకుపోయిన వెండిని ఎవరూ తిరిగి తేలేరు.

ఇతర పనులు

తంజావూరు పళ్ళేలను యాత్రలకు వెళ్ళినవారు తెచ్చుకుంటారు. అడుగు ఇత్తడి లేక రాగి పళ్ళెం. దేవతామూర్తులను వెండి లేక రాగి రేకుపై ఉబ్బెత్తుగా తీర్చి, వెనుక లక్కవంటి పదార్థం నింపి, అంచులను గాడిలోకి దిగగొట్టి బిగిస్తారు. ఇది తాపడానికీ పొదుగుకూ నడుమ ఉన్న పని. మరాఠా ప్రభువు రెండవ శరభోజి కాలంలో, అనగా 1798కి 1832కి మధ్య, ఈ పని ప్రారంభమైనదని చెబుతారు. వీటిని వేడినీటితో కడిగితే లోపలి పదార్థం మెత్తబడి రేకు వదులవుతుంది.

ఉక్కుమీద బంగారపు పనిని కత్తుల పిడులపై, డాళ్ళపై చూడవచ్చును. ఇందులోనూ రెండు రకాలు ఉన్నాయి. లోతైన గాడి చెక్కి బంగారుతీగను కూర్చినది నిజమైన పొదుగు. ఉక్కు ఉపరితలాన్ని అతిసన్నని అడ్డగీతలతో గరుకుచేసి, దానిమీద పలుచని బంగారుతీగను అదిమి నున్నచేసినది కోఫ్త్‌గరీ. బంగారం అరిగిన చోట భూతద్దంతో చూస్తే జల్లెడవంటి గీతలు కనిపిస్తే అది కోఫ్త్‌గరీ. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం, 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో వెలసిన కట్టడం. అక్కడి పాత ఆయుధాలను చూసేటప్పుడు ఈ భేదాన్ని గమనించవచ్చును.

పొదుగుగా పొరబడే పని మరొకటి కరీంనగరం వెండితీగ పని. ఇందులో క్రింద మూలలోహమే ఉండదు. మెలిపెట్టిన వెండితీగలను ఒకదానికొకటి టంకంతో అతికి, జాలీలా అల్లుతారు. దీపానికెదురుగా పట్టుకుంటే వెలుతురు దూరి వస్తుంది.

పాత బంగారుపూతలో కొంత పాదరసంతో వేసినది. బంగారాన్ని పాదరసంతో ముద్దచేసి, రాగిపై పట్టించి, వేడిచేస్తే పాదరసం ఆవిరై బంగారం నిలుస్తుంది. ఆ ఆవిరి విషపూరితం. ఇటువంటి పాత వస్తువును నిప్పుపై కాల్చి పరీక్షించడం ఎంతమాత్రమూ తగదు.

మన నేల తేమ, చిలుము

కాలువల నడుమ ఉన్న గుణదలలోనూ, సముద్రానికి దగ్గరైన దివిసీమలోనూ గాలిలో తేమ ఎక్కువ. రాగి, కంచు వస్తువులపై ఏర్పడే ముదురు గోధుమ లేక గట్టి ఆకుపచ్చ పొర హానికరం కాదు. అది లోహానికి రక్షణ. డెల్టా ప్రాంతపు బుద్ధపాడులో 19వ శతాబ్దంలో దొరికి, ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కంచు బుద్ధ విగ్రహాలు శతాబ్దాలపాటు ఈ నేలలోనే ఉండి కూడా రూపం చెడలేదు.

లేత ఆకుపచ్చరంగు పొడి మచ్చలుమచ్చలుగా పుట్టి, తుడిచినా మళ్ళీ వస్తుంటే మాత్రం అప్రమత్తం కావలెను. ఉప్పు అంశ తేమతో కలిసి లోహాన్ని తినివేయడమే అందుకు కారణం. అటువంటి వస్తువును మిగిలిన వాటినుండి వేరుచేసి, పొడిగా ఉంచి, నిపుణులకు చూపవలెను. అభిషేకం తరువాత కంచు, రాగి పాత్రలను తడితోనే మూటకట్టి ఉంచడం ఈ వ్యాధికి చేజేతులా చోటివ్వడమే.

శుభ్రం చేయడంలో మర్యాద

నిత్యసేవలో ఉన్న సాదా ఇత్తడి, రాగి పాత్రలను చింతపండుతో తోమడం మన ఆచారం. వాటికి అది తగినదే, వెంటనే కడిగి పొడిగా తుడిస్తే చాలును. నగిషీ ఉన్నవాటికి కుంకుడు రసం, మెత్తని గుడ్డ సరిపోతాయి. వెండిపూత, బంగారుపూత వస్తువులను రుద్దిన ప్రతిసారీ పూత కొంత పోతుందని గుర్తుంచుకోవలెను. బీదరు వస్తువులకు చింతపండు, నిమ్మ, మెరుగుపొడి, ఇసుక, పీచు ఏదీ తగలరాదు. పులుపు తుత్తునాగాన్ని తింటుంది, నలుపును విడదీస్తుంది. పొడి నూలుగుడ్డతో తుడిచి, ఒకటి రెండు చుక్కల కొబ్బరినూనె పలుచగా పట్టిస్తే చాలును. అర్చామూర్తుల విషయం వేరు. వాటి శుద్ధి ఆగమానుసారం అర్చకస్వాములు నిర్ణయించవలసినది.

దాతలకు మనవి

ఇంటిలోని పాత లోహవస్తువును స్వామికి సమర్పించదలచిన భక్తులు దానిని ఉన్నది ఉన్నట్లుగానే తీసుకురండి. మెరుగు పెట్టించవద్దు, మాటు వేయించవద్దు. దానితోపాటు ఒక కాగితంపై వస్తువు ఎవరిది, ఏ ఊరునుండి వచ్చింది, ఇంటిలో ఏ సందర్భంలో వాడేవారు అన్న విషయాలు మీకు తెలిసినంతవరకు వ్రాసి ఇవ్వండి. పాత పెళ్ళి ఫోటోలో ఆ వస్తువు కనిపిస్తుంటే, ఆ ఫోటో నకలు జతచేయండి. వయస్సు నిర్ణయించడానికి లోహపరీక్ష కంటె ఇటువంటి ఆధారమే ఎక్కువ ఉపకరిస్తుంది. కొత్త వస్తువుకు పాతదనం తెప్పించడానికి అంతటా ఒకేలా నలుపు పట్టించే వ్యాపారులు ఉన్నారు. నిజమైన అరుగుదల చేయి తగిలే చోటనే ఉంటుంది.

నూరేళ్ళు నిండిన కళావస్తువులు 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం పరిధిలోకి వస్తాయి. ఈ చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో ఉన్నది. వాటిని వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం, అమ్మకపు వ్యాపారానికి లైసెన్సు అవసరం. పాత లోహవిగ్రహాలను నమోదు చేయించవలసి ఉంటుంది. విదేశాలలో ఉన్న పిల్లలకు పాత విగ్రహాన్ని జ్ఞాపకంగా పంపదలచిన పెద్దలు ఈ సంగతి ముందే విచారించుకోవడం మంచిది.

మా పుస్తకంలో ఇప్పుడు ప్రతి వస్తువుకూ మూలలోహం, పై లోహం, పని రకం, తూకం, నాలుగు వైపుల ఫోటోలు చేరుస్తున్నాము. మూలలోహం నిశ్చయంగా తేలనప్పుడు "తెల్లలోహం", "పసుపులోహం" అని కంటికి కనిపించినంతే వ్రాస్తున్నాము. రసీదులో వెండి అన్న మాట లేదని కొందరు దాతలు మొదట నొచ్చుకుంటారు. పరీక్ష తమ ఎదుటనే జరిపించమని అడిగే హక్కు దాతలకు ఉన్నది. నీళ్ళగిన్నె, దారం, తూకపు యంత్రం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. వస్తువు తెచ్చినప్పుడు పావుగంట సమయం కేటాయించుకొని రావలసిందిగా ప్రార్థన.